అక్కనడగండి: ముందు ఒక చిన్న ‘వద్దు’ చెప్పి చూడు

పోయిన సంచికలో లాడ్జి గదుల గురించి నాలుగు ముక్కలు రాశానో లేదో, ఈసారి ఉత్తరాలన్నీ ఆ దారి పట్టినాయి. పదమూడు కవర్లు. రాయడం రానోళ్ళు వాట్సాప్‌లో గొంతు పంపించారు, అవి ఇంకా ఎక్కువ. కొత్తగా చదివేవాళ్ళకి చెప్పాలి కదా: నేను నెల్లూరులో పద్నాలుగేళ్ళు సెక్స్ వర్కర్‌గా పని చేశాను. తర్వాత పదకొండేళ్ళు ఎయిడ్స్ నివారణ ప్రాజెక్టులో పీర్‌గా ఉన్నాను, అంటే ఈ పని చేసేవాళ్ళ దగ్గరికి తిరిగి మంచీ చెడూ చెప్పే మనిషిని. నా కింద అరవై మంది. ఇప్పుడు నా మోకాళ్ళ నొప్పులు నేను చూసుకుంటుండా. డాక్టర్ని కాదు, లాయర్ని కాదు. ఉత్తరాల్లో పేర్లు తీసేశాను, ఊళ్ళు కొంచెం అటూ ఇటూ జరిపాను.

ప్రశ్న: అక్కా, నాకు 34 ఏళ్ళు. ఇద్దరు పిల్లలు హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. ఆరేళ్ళు ఒక బ్రోకరమ్మ ద్వారా చేశాను. వచ్చిన దాంట్లో సగం ఆమే తీసుకునేది. సంక్రాంతి నుంచి సొంతంగా ఫోన్ మీద చేస్తున్నాను. డబ్బు మిగులుతోంది కానీ భయం కూడా పెరిగింది. ఎవరు ఎలాంటివాళ్ళో అప్పుడు ఆమె చూసుకునేది. ఇప్పుడు ఫోన్లో గొంతు విని ఎలా కనిపెట్టాలి? మొన్న ఒకడు ఎంతో మర్యాదగా మాట్లాడాడు. గదికి పోయాక చెయ్యి చేసుకున్నాడు.
(కావలి దగ్గర నుంచి ఒక చెల్లెలు)

జవాబు: గొంతు విని కనిపెట్టలేవమ్మా. కనిపెట్టగలిగుంటే నా ఎడమ చెవి ఈపాటికి బాగా వినపడతా ఉండేది. ఆ చెవి మీద కొట్టినోడు నన్ను ‘అండీ’ అని పిలిచినోడే. టీ కూడా తెప్పించాడు.

నేనూ చాలా ఏళ్ళు మొహాలు చూసి, బట్టలు చూసి, బండి చూసి లెక్కలేసుకున్నా. తర్వాత పీర్‌గా తిరిగేటప్పుడు దెబ్బలు తిన్న ఒక్కొక్కరి దగ్గర కూర్చుని అడిగేదాన్ని: గదికి పోకముందు ఏం మాట్లాడాడు, నువ్వేమన్నావు, దానికి వాడేమన్నాడు? అడగ్గా అడగ్గా ఒక సంగతి తెలిసింది. వాడు మంచిగా మాట్లాడాడా, మొరటుగా మాట్లాడాడా అన్నది కాదు. మనం ఏదో ఒకటి కాదన్నప్పుడు ఊరుకున్నాడా లేదా అన్నది. చాలామంది విషయంలో గదిలో జరిగిన దానికి వాసన ముందు ఫోన్లోనే తగిలింది. మనమే ముక్కు మూసుకున్నాం, ఇంటి అద్దె గుర్తొచ్చి.

అందుకని కావాలనే ఒక చిన్న ‘వద్దు’ చెప్పి చూడు. వాడు ఎనిమిదింటికి రమ్మంటే, నీకు ఎనిమిదింటికి కుదిరినా సరే, ఎనిమిదిన్నర అను. ఆ లాడ్జి అంటే ఈ లాడ్జి అను. బండి పంపిస్తానంటే నేనే ఆటోలో వస్తానను. ‘సరే’ అన్నాడా, బాగుంది. విసుక్కుని సరే అన్నాడా, అదీ ఫర్లేదు, మనుషులు విసుక్కుంటారు. ‘డబ్బులిచ్చేది నేను, చెప్పినట్టు రా’ అన్నాడంటే మాత్రం ఫోన్ పెట్టెయ్. వీడికన్నా ప్రమాదమైనోడు ఇంకొకడుంటాడు: నువ్వు వెయ్యి అడిగితే ‘రెండు వేలిస్తా, ఇప్పుడే రా, అక్కడికే రా’ అంటాడు. అడిగినదానికి రెట్టింపు ఇచ్చేవాడు ధర్మాత్ముడని అనుకోబాక. ఆ పైన వెయ్యితో వాడు కొనేది నీ ‘వద్దు’ని. అరగంట ఆగలేనోడు గదిలో నువ్వు చెయ్యి అడ్డం పెడితే ఆగుతాడా?

ఇది కూడా తప్పొచ్చు. నూటికి నూరు పాళ్ళు పట్టించే మంత్రం ఏదీ లేదు, ఉందని చెప్పేవాళ్ళను నమ్మబాక.

పేరు తెలుసుకోవడం ఇప్పుడు తేలిక. ట్రూకాలర్లో పడే పేరు ఎవరో ఒకరు సేవ్ చేసుకున్నది, వాడు మార్చుకోను కూడా మార్చుకోవచ్చు. ఫోన్‌పేలో వాడి నంబరు కొట్టి చూడు. డబ్బు పంపబళ్ళేదు, ఖాతా ఉంటే బ్యాంకులో ఉన్న పేరు పడుతుంది. వాడు ‘సురేష్’ అని చెప్పి అక్కడ వేరే పేరు పడిందంటే గాభరా పడబాక, మన దగ్గరకొచ్చే వాళ్ళలో సగం మంది అసలు పేరు చెప్పరు. ఆ పేరుని మాత్రం నీ తోడుకి పంపు. ఇంకో మాట, ఇదే పని వాడూ చెయ్యగలడు. నీ అసలు పేరు, నీ ఇంటిపేరు వాడి ఫోన్లో పడుతుంది. అందుకే పనికి వాడే నంబరు వేరుగా పెట్టుకో, దాన్ని బ్యాంకుకి తగిలించబాక, డీపీలో పిల్లల ఫొటో పెట్టబాక. డబ్బు చేతికే తీసుకో, ముందే తీసుకో. ‘అడ్వాన్స్ పంపిస్తా, ఈ కోడ్ స్కాన్ చెయ్’ అంటే అది దొంగాట. పిన్ను కొట్టామంటే డబ్బు పోయేది మన ఖాతాలోంచే. డబ్బు రావడానికి పిన్నుతో పనే లేదు.

మా రోజుల్లో బండి నంబరు చూసేవాళ్ళం. ఏపీ 26 అంటే నెల్లూరోడు, 27 అంటే ఒంగోలోడు. మనూరోడైతే రేపు ఎవరో ఒకరికి మొహం చూపించాలి కదా అని కొంచెం ధైర్యం. 2019 నుంచి కొత్త బండ్లన్నీ ఏపీ 39 అయిపోయినాక ఆ లెక్క పోయింది. నంబరు పనికిరాదని కాదు. ఎక్కబోయే ముందు బండి ఎనకనించి ఒక ఫొటో తీసి, వాడు చూస్తుండగానే ‘మా అక్కకి పంపించా’ అను. లారీ అయితే నా మాట విని క్యాబిన్‌లోకి ఎక్కనే ఎక్కబాక. హైవే మీద వాడు గేరు మార్చాడంటే నువ్వు గూడూరు దాటి తడ దాకా పోయినట్టే. నేను పోయాను ఒకసారి. సూళ్ళూరుపేటలో టీ కోసం ఆపితే దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని బస్టాండు దాకా పరిగెత్తా.

ఆ బ్రోకరమ్మ సగం ఊరికే తీసుకోలేదని ఇప్పుడు నీకే తెలుస్తుండాది. నువ్వు ఎక్కడున్నావో ఆమెకి తెలుసు, నీకేమన్నా అయితే వచ్చి తలుపు కొట్టేవాళ్ళు ఉండారని వచ్చినోడికీ తెలుసు. సగం అన్నది దోపిడీయే, చట్టంలో ఆమె చేసేది నేరం కూడా, అది వేరే సంగతి. కానీ ఆమె చేసిన ఆ ఒక్క పనిని నువ్వు ఇంకొకరికి అప్పజెప్పకుండా బయటికొచ్చేశావు. నీ భయం అంతా ఆడినుంచే.

తోడు ఒకరిని పెట్టుకో. నేనూ ఇంకొకామే ఇట్టా చేసేవాళ్ళం: గదిలోకి పోయిన పావుగంటకి ఆమె ఫోన్ చేస్తుంది. ‘పులుసు దించావా?’ అని అడుగుతుంది. ‘దించా’ అంటే అంతా బాగుంది. ‘మామిడికాయ ఇంకా వెయ్యలా’ అంటే బాగాలేదు, ఏదో ఒక వంక పెట్టుకుని రా అని. చేపల పులుసు గురించి మాట్లాడే ఆడదాన్ని నెల్లూరులో ఎవడు అనుమానిస్తాడు? ఫోన్ ఎత్తకపోతే ఇంకోసారి చేసి, అప్పుడూ ఎత్తకపోతే రిసెప్షన్ పిల్లాడికి చేస్తుంది. ఆ పిల్లాడి నంబరు ముందే తీసుకునుండాలి. ఇప్పుడైతే వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఉంది, పావుగంట, గంట, ఎనిమిది గంటలు అని మూడు అడుగుతుంది. గంట కాదు, ఎనిమిది పెట్టు. బయటికొచ్చాక ఆపుకోవచ్చు.

గదిలోకి అడుగుపెట్టే ముందు చెప్పులు లెక్కపెట్టు. నవ్వబాక. ఒకసారి గుమ్మం బయట ఒక్క జతే ఉంది, నేను లోపలికి పోయా. మంచం కిందికి చూపు పోతే ఇంకో మూడు జతలు. బాత్రూం తలుపు దగ్గరగా వేసుంది. ‘అయ్యో, ఫోన్ ఆటోలో మర్చిపోయా’ అని అదే నడకన ఎనక్కి తిరిగా. ఒకడని చెప్పి నలుగురుండటం కన్నా ప్రమాదమైంది ఈ పనిలో లేదు. చెప్పులు, గ్లాసులు, బాత్రూం: ఈ మూడూ చూసే దాకా గడియ పెట్టనివ్వబాక. మెడలో గట్టి గొలుసు, ముడేసిన చున్నీ వద్దు, ఎందుకో చెప్పబళ్ళేదు. మూత తీసిన కూల్‌డ్రింక్ తాగబాక.

నిన్ను కొట్టినోడి సంగతి. వాడి నంబరు, ఏం చేశాడో రెండు వాక్యాలు, మీ ఊళ్ళో ఈ పని చేసేవాళ్ళకి చెప్పు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ అనే ఊరి ఆడవాళ్ళు 1986లోనే ఇట్టాంటి కస్టమర్ల జాబితా రాసుకుని ఒకరికొకరు పంచుకోవడం మొదలుపెట్టారు. దానికి ‘అగ్లీ మగ్స్’ అని పేరు, వికారపు మొహాలని అర్థం. ఒక ట్రైనింగులో ఈ మాట వింటే నాకు నవ్వొచ్చింది. మేమూ అదే చేసేవాళ్ళం, ఆత్మకూరు బస్టాండు దగ్గర ఒక టీ బంకు గోడకి సుద్దముక్కతో. రాసేది బండి నంబరులో చివరి నాలుగంకెలు, పక్కన ఒక గీత. రెండు గీతలుంటే ఎవరూ ఎక్కేవాళ్ళు కాదు. ఇప్పుడు వాట్సాప్ గ్రూపు ఉంది. గ్రూపులో నంబరు, గుర్తులు, చేసిన పని, అంతే. వాడి ఫొటోలు, వాడి పెళ్ళాం ఫొటోలు పెట్టబాకండి, అది మన మెడకే చుట్టుకుంటుంది. విన్న మాట వేరుగా, జరిగిన మాట వేరుగా రాయండి.

ప్రశ్న: అమ్మా, కస్టమర్ మధ్యలో నిరోధ్ తీసేశాడు. నేను చూసుకోలేదు. నిన్న రాత్రి జరిగింది. ఏం చేయాలి? ఎవరికీ చెప్పలేదు. తొందరగా జవాబివ్వండి. (ఒంగోలు)

జవాబు: పత్రికకి రాసిన ఉత్తరం నా చేతికొచ్చేసరికి ఆరో రోజు. తారీకు చూసి గుండె జారిపోయింది. అడుగున నంబరుంది కాబట్టి ఆ పూటే ఫోన్ చేశా. పక్కింట్లో ఒక నర్సమ్మ ఉందంట, ఆమె పుణ్యాన రెండో రోజే పెద్దాసుపత్రికి పోయి మందు మొదలుపెట్టింది. కాబట్టి ఇప్పుడు రాసేది ఆమెకి కాదు. మీకు. ఇట్టాంటిది జరిగితే ఉత్తరం రాయబాకండి, ఆటో ఎక్కండి.

హెచ్‌ఐవీ సోకకుండా అడ్డుకునే మందు ఉంది, పీఈపీ అంటారు. 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. 72 ఉంది కదా అని ఆగబాకండి, ఎంత ముందైతే అంత మంచిది, రెండు గంటల్లో పడితే ఇంకా మంచిది. 28 రోజులు రోజూ వేసుకోవాలి. నాలుగో రోజుకి వికారంగా ఉందని మానేసిన వాళ్ళు నా అరవై మందిలోనే ఉండారు, మానబాకండి. నెల్లూరు, ఒంగోలు పెద్దాసుపత్రులు రెండింటిలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లుండాయి. రాత్రయితే క్యాజువాల్టీకే పోండి. గర్భం రాకుండా వేసుకునే మాత్ర కూడా అదే 72 గంటల్లోపు, మందుల షాపులోనే ఇస్తారు. లోపల డెట్టాలు, నిమ్మరసం పోసి కడగబాకండి. లోపలి చర్మం దెబ్బతిని రోగం ఎక్కడానికి దారి ఇంకా తేలికవుతుంది.

ఆసుపత్రిలో ‘నువ్వేం పని చేస్తావు’ అని అడుగుతారు. నన్ను ఒక చోట అడిగి, జవాబు విని, కుర్చీ ఎనక్కి జరుపుకున్నారు. అప్పుడు నాకు తెలియదు, చెప్పబళ్ళేదని. ‘నిరోధ్ లేకుండా జరిగింది, నిన్న రాత్రి పదింటికి, పీఈపీ కావాలి’ అనండి చాలు. 2017లో హెచ్‌ఐవీ చట్టం వచ్చింది. మీరు ఒప్పుకోకుండా టెస్టు చెయ్యకూడదు, ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు. ఆ రోజు టెస్టు చేశాక ఆరు వారాలకి, మూడు నెలలకి మళ్ళీ రమ్మంటారు, పోండి.

బలవంతం చేసుంటే అది వేరే. డబ్బు తీసుకున్నామని మన ఒప్పుకోలు అమ్ముడుపోలేదు. 2022 మే 19న సుప్రీంకోర్టు చెప్పింది: అత్యాచారానికి గురైన సెక్స్ వర్కర్‌కి, మిగతా ఏ ఆడమనిషికైనా అందే వైద్యం, సాయం అన్నీ వెంటనే అందాలి అని. సర్కారుదైనా ప్రైవేటుదైనా ఏ ఆసుపత్రైనా సరే డబ్బు అడక్కుండా వైద్యం చెయ్యాలి. ఆ బట్టలు ఉతకబాకండి, కాగితం సంచిలో పెట్టుకుని పోండి. ఒంటరిగా పోలేకపోతే ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181కి చెయ్యండి.

ప్రశ్న: మా ఇంట్లో పదహారేళ్ళ అమ్మాయి కూడా చదివే పత్రిక ఇది. ఇలాంటి వాళ్ళ ఉత్తరాలు వేయడం అవసరమా? (నెల్లూరు నుంచి ఒక గృహిణి)

జవాబు: మీ కోపం నాకర్థమవుతుంది, మీ స్థానంలో ఉంటే నేనూ రాసేదాన్నేమో. కానీ ఒకటడుగుతా. పరిచయం లేని నంబరుని ఫోన్‌పేలో కొట్టి పేరు చూడ్డం, కొత్త మనిషిని కలవబోతూ స్నేహితురాలికి చెప్పి పోవడం, మూత తీసిన కూల్‌డ్రింక్ తాగకపోవడం, ‘నో’ అంటే మొహం మాడ్చుకునే పిల్లాణ్ణి దూరం పెట్టడం, వీటిలో మీ అమ్మాయికి పనికిరానిది ఏది?

ప్రశ్న: బ్యాగులో ఎనిమిది నిరోధ్‌లు దొరికాయని స్టేషన్‌కు తీసుకుపోయి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. అప్పటి నుంచి పట్టుకుపోవాలంటే భయం. పట్టుకుపోకపోతే ఇంకో భయం. (గూడూరు)

జవాబు: ఆ నిరోధ్‌లు ప్రాజెక్టోళ్ళు ఊరికే ఇచ్చినవే అయ్యుంటాయి. అంటే ఒక సర్కారు చేత్తో ఇచ్చింది, ఇంకో చేత్తో పట్టుకుంది. అదే 2022 ఉత్తర్వులో ఈ మాటా ఉంది: సెక్స్ వర్కర్లు ఆరోగ్యం కోసం వాడే నిరోధ్‌ల్ని నేరంగా చూడకూడదు, నేరానికి సాక్ష్యంగానూ చూపకూడదు. బ్యాగులో నిరోధ్‌లు పెట్టుకోవడం మానబాక.

అయితే ఆ తీర్పుతో ఇంక పోలీసులు అసలు పట్టుకోనే కూడదని కొందరు చెప్పుకుంటుండారు. అంత దూరం పోలేదమ్మా. అట్టా ఒక సిఫార్సు ఉండింది గానీ, దాని మీద కేంద్రం అభ్యంతరం చెప్పింది, కోర్టు దాన్ని అమల్లో పెట్టలేదు. ఈ పని మీద 1956లో వచ్చిన చట్టం ఇంకా ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండిన మనిషి తనకి తానుగా ఒంటరిగా చేసుకునేదాన్ని అది నేరమనలేదు. కంపెనీ ఇల్లు, అంటే వ్యభిచార గృహం నడపడం, బ్రోకరు పని, రోడ్డు మీద పిలవడం నేరాలు. గుడి, బడి, హాస్టలు, ఆసుపత్రి ఉన్న చోటికి 200 మీటర్ల లోపు చేస్తే అదీ నేరమే. నువ్వు ఎక్కడ నిలబడ్డావో రాయలేదు. అట్టాంటి వాటికి దగ్గర్లోనే అయితే చోటు మార్చుకో.

మళ్ళీ తీసుకుపోతే వాదించబాక, తెల్లకాగితం మీద సంతకం పెట్టబాక. పొద్దుగూకినాక, తెల్లవారకముందు ఆడమనిషిని అరెస్టు చెయ్యాలంటే ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకుని ఆడ పోలీసే చెయ్యాలి. ఈ చట్టం కింద సోదాకి వస్తే ఇద్దరు ఆడ పోలీసులుండాలి. 15100కి ఫోన్ చేస్తే ఉచితంగా లాయర్నిస్తారు. ఆడవాళ్ళకి దానికి ఆదాయం లెక్క అడగరు.

ప్రశ్న: నా తోడు చెన్నైకి పోయింది. నా సంగతి తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు. ఎవరికి చెప్పి పోవాలి? (సింగరాయకొండ)

జవాబు: నీ సంగతి తెలిసినోళ్ళే కావాలని ఎవరన్నారు? నాకు చాలా ఏళ్ళు తోడుగా ఉన్నామె మూలాపేటలో పూలమ్ముకునేది. నేను ఇళ్ళల్లో వంటకి పోతానని ఆమె నమ్మకం. ‘తొమ్మిదింటికల్లా రాకపోతే ఈ నంబరుకి చెయ్యి’ అని చెప్పి, చీటీ ఇచ్చి పోయేదాన్ని. చెయ్యాల్సి వచ్చింది ఒకే ఒక్కసారి. చేసింది. ఏం వంట, ఎవరిల్లు అని ఎన్నడూ అడగలేదు. తెలుసేమో, నాకిప్పటికీ అనుమానమే. నీ వీధిలో కూడా అట్టాంటిది ఒకతి ఉంటుంది, వెతుక్కో. దొరికే దాకా ప్రాజెక్టు పీర్‌కి చెప్పు, లేకపోతే పత్రిక వాళ్ళ దగ్గర నా నంబరు తీసుకుని నాకే మెసేజ్ పెట్టి పో. మంగళవారం మాత్రం వద్దు. ఆ రోజు ఫోన్ నా మనవడి చేతిలో ఉంటుంది, వాడు పులుసు దించావా అంటే నిజంగానే వంటింట్లోకి పోయి చూసొస్తాడు.